తుంటి మార్పిడి: కప్ లోపలికి జరపడం మేలా, ఉన్నచోటే ఉంచడం మేలా?

తుంటి మార్పిడి అనగానే ముందు వచ్చే ప్రశ్న, సిరామిక్ పెట్టించాలా మెటల్ పెట్టించాలా అని. అరుగుదలకు ఆ ప్రశ్న ముఖ్యమే. కానీ కొత్త కీలు మీద అడుగడుగునా ఎంత భారం పడుతుందన్నది ఎక్కువగా సర్జన్ దాన్ని ఎక్కడ కూర్చోబెట్టారన్న దాని మీదే ఆధారపడుతుంది. కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా లెక్క మారిపోతుంది.

ఎలాగో చూద్దాం. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆనిన కాలి బరువు తీసేస్తే తుంటి మోయాల్సింది సుమారు 50 కిలోలు. ఆ బరువు కీలు మధ్య నుంచి దాదాపు 10 సెంటీమీటర్లు లోపలి వైపు వేలాడుతుంది. నడుము అటు వాలిపోకుండా పట్టి ఉంచేవి తుంటి పక్కనున్న అబ్డక్టర్ కండరాలు. వాటికి దొరికే దూరం 5 సెంటీమీటర్లే. ఒక కొస పొట్టిగా ఉన్న కావడిలా, పొట్టి వైపు రెట్టింపు బలం పెట్టాలి: 100 కిలోలు. కీలు మీద పడేది ఆ రెండూ కలిపి 150 కిలోలు, అంటే ఒంటి బరువుకు రెండున్నర రెట్లు.

ఇది ముతక లెక్క. కండరం నిటారుగా లాగదు, దూరాలూ మనిషిని బట్టి మారతాయి. అయినా వాస్తవానికి దూరంగా ఏం లేదు. బెర్లిన్‌లో గెయోర్గ్ బెర్గ్‌మన్ బృందం సెన్సర్లున్న కృత్రిమ తుంటులు అమర్చి కొలిస్తే, మామూలు నడకలో దాదాపు ఇంతే వచ్చింది. కాలు తట్టుకుని తూలినప్పుడు 8 రెట్లు దాటిన సందర్భమూ ఉంది.

ఇక మొదటి పద్ధతి. కటి ఎముకలోని గుంటను లోతుగా తొలిచి, అందులో కూర్చునే గిన్నె లాంటి భాగాన్ని, అంటే కప్‌ను, అర సెంటీమీటరు లోపలికి కూర్చోబెడతారు. 10 కాస్తా 9.5 అవుతుంది, కీలు మీద భారం 145 కిలోలకు దిగుతుంది. 1960ల్లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ పట్టుకున్న సూత్రం ఇదే. ఆయన అక్కడితో ఆగలేదు. కండరాలు అతుక్కునే ఎముక గడ్డను కోసి మరికాస్త బయటికి బిగించేవారు, కండరాల వైపు దూరం పెరగాలని. ఆలోచన గొప్పదే. కానీ కోసిన గడ్డ కొందరిలో సరిగా అతుక్కునేది కాదు, అందుకే మామూలు కేసుల్లో ఇప్పుడు దాని జోలికి పోరు.

లోతుగా తొలవడానికీ ఒక ఖరీదుంది: పోయిన ఎముక తిరిగి రాదు. వయసు తక్కువవాళ్లకు మళ్లీ ఎప్పుడైనా ఆపరేషన్ చేయాల్సి వస్తే కొత్త కప్ కూర్చోవడానికి ఆ ఎముకే కావాలి. పైగా కప్ లోపలికి పోతే తొడ ఎముకా దాంతోపాటే పోతుంది. స్టెమ్‌తో, అంటే కొసన బంతి ఉండి తొడ ఎముకలోకి దిగే కడ్డీతో, ఆ లోటు పూడ్చకపోతే కండరాలు వదులవుతాయి, కుంటు రావచ్చు.

రెండో పద్ధతిలో గుంట అంచులనే సవరించి, కప్‌ను సహజమైన చోటే ఉంచుతారు. దూరాన్ని స్టెమ్ దగ్గర సర్దుతారు. స్టెమ్ ఆఫ్‌సెట్, అంటే తొడ ఎముక మధ్య గీత నుంచి బంతి కేంద్రం దాకా ఉన్న దూరం, అర సెంటీమీటరు పెరిగితే కండరాల వైపు దూరం 5 నుంచి 5.5 అవుతుంది. కీలు మీద భారం సుమారు 141 కిలోలకు దిగుతుంది. పొట్టి కొస దగ్గర పెంచిన అర సెంటీమీటరు, పొడుగు కొస దగ్గర తగ్గించిన అర సెంటీమీటరు కంటే ఎక్కువ పని చేసింది! అదీ ఎముక పోగొట్టుకోకుండా.

అలాగని ఆఫ్‌సెట్‌ను పెంచుకుంటూ పోకూడదు. బంతి బయటికి పోయేకొద్దీ స్టెమ్‌ను వంచే బలం పెరుగుతుంది. పక్క కండరాలు మరీ బిగుసుకుంటే తుంటి పక్కన నొప్పి మొదలవుతుంది, ఆ వైపు తిరిగి పడుకోవడమే కష్టమవుతుంది.

నా ఓటు రెండో పద్ధతికే. పుట్టుకతోనే గుంట సరిగా ఏర్పడనివాళ్ల సంగతి వేరు. వాళ్లకు కప్ పైన ఎముక ఆసరా దొరకాలంటే కాస్త లోపలికి జరపక తప్పదు. ఎవరికైనా సరే పనికిరానిది మాత్రం ఒకటుంది: కీలు కేంద్రం పైకీ బయటికీ జరిగిపోవడం. బరువు వైపు దూరం పెరిగి, కండరాల వైపు తగ్గి, భారం రెండు విధాలా ఎక్కుతుంది.

కోత ఎటునుంచి అన్నది ఈ లెక్కలో చిన్న విషయమే, ఒక్క చోట తప్ప. పక్కనుంచి చేసే పద్ధతిలో అబ్డక్టర్ కండరాన్నే కొంత విడదీసి మళ్లీ కుట్టాలి. అది సరిగా అతకకపోతే ఎంత చక్కగా కూర్చిన దూరమైనా అక్కరకు రాదు. ముందునుంచి, వెనకనుంచి చేసేవాటిలో ఆ కండరం జోలికి పెద్దగా పోరు.

రెండో తుంటి బాగుంటే దాని ఎక్స్‌రేనే కొలబద్ద. ఆపరేషన్‌కు ముందు డాక్టరును అడగాల్సిందీ అదే: దాంతో పోలిస్తే ఆఫ్‌సెట్, కాలి పొడవు ఎంతకు కుదురుస్తున్నారు, అందుకోసం ఎంత ఎముక తొలుస్తున్నారు అని.