మంచు రోడ్ల మీద ఆల్ వీల్ డ్రైవ్ కారు, వింటర్ టైర్లు: ఒక శీతాకాలపు పరిశీలన

అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కారుకు గత నవంబరు చివరలో నాలుగు వింటర్ టైర్లు వేయించాం. ఏప్రిల్ వరకు నేను అక్కడే ఉన్నందున, ఆ టైర్లు వేయకముందూ వేసిన తరువాతా అదే కారులో, అవే రోడ్ల మీద తిరిగే అవకాశం దొరికింది. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసినవాణ్ని కనుక, టైరును చేత్తో తడిమి చూడనిదే నాకు నమ్మకం కుదరదు. హనుమకొండకు తిరిగి వచ్చాక, పిల్లలను అటువైపు చదువులకు పంపుతున్న మిత్రులు ఏ కారు కొనమని చెప్పాలో అడుగుతున్నారు గాని, ఆ కారుకు ఏ టైర్లు ఉండాలో ఒక్కరూ అడగడం లేదు. అందువల్ల కంపెనీల పేర్ల జోలికి పోకుండా, ఆ రకం టైర్లు ఎలా పనిచేశాయో మాత్రమే రాస్తున్నాను.

అబ్బాయిది నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఎస్‌యూవీ. దానికి అప్పటికి సగం అరిగిన ఆల్ సీజన్ టైర్లు, అంటే ఏడాది పొడవునా వాడే మామూలు టైర్లు ఉన్నాయి. మొదటి మంచు పడిన రోజున సిగ్నల్ దగ్గర పక్క కార్ల చక్రాలు ఉన్నచోటే తిరుగుతుంటే, మా కారు ఏ తడబాటూ లేకుండా ముందుకు కదిలింది. "ఆల్ వీల్ ఉన్నది కద బాపూ, ఏం గాదు" అన్నాడు. మరో ఐదు నిమిషాలకు ఒక చిన్న దిగుడులో ఎర్రలైటు పడింది. వాడు బ్రేకు తొక్కగానే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పెడల్‌ను దడదడలాడించింది గాని, కారు మాత్రం ఆగకుండా కూడలి నడిమధ్య దాకా జారుకుంటూ వెళ్లింది. అడ్డంగా ఏ బండీ రాకపోవడం మా అదృష్టం.

అక్కడ ఏం జరిగిందో మనవైపువారికి బురద ఉదాహరణతో చెబితే తేలికగా అర్థమవుతుంది. పరకాల వైపు నల్లరేగడిలో వాన పడ్డాక దిగబడిన బస్సుకు వెనుక చక్రాలు మాత్రమే తిరుగుతాయి కాబట్టి అది ఇంకా లోతుకు కూరుకుపోతుంది. నాలుగు చక్రాలూ తిరిగే జీపు అదే గుంతలో నుంచి బయటపడుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ చేసే మేలు అదే: కదలడం, ఎక్కడం, కూరుకుపోకుండా లాగడం. ఆపే విషయానికి వస్తే, ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కనుక దానికి అదనపు బలమేమీ లేదు. మలుపులోనూ కారును దారిలో పట్టి ఉంచేది రబ్బరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టే. పైగా కారు సులువుగా కదిలిపోవడం వల్ల రోడ్డు ఎంత జారుగా ఉందో నడిపేవారికి తెలియకుండా పోతుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే. లెక్క కట్టి చూస్తే, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు బ్రేకు పడ్డాక పొడి తారురోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగుతుంది, గట్టిపడిన మంచు మీద 50 మీటర్ల దాకా, నున్నటి ఐసు మీద దాదాపు 100 మీటర్లు పోతుంది. వేగం రెట్టింపైతే ఈ దూరం నాలుగింతలవుతుంది.

ఇక టైరు సంగతి. మామూలు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగినకొద్దీ బిగుసుకుపోతుంది. మన వరంగల్‌లో 12 డిగ్రీలకే చలిమంటలు వేసుకుంటాం. అక్కడ జనవరిలో మైనస్ 20కి దిగే రాత్రులు అరుదు కాదు. రాత్రంతా బయట ఉన్న పాత టైరును పొద్దున్నే గోటితో నొక్కితే చెక్కను నొక్కినట్టే ఉంది. పక్కనే పెట్టిన వింటర్ టైరులో మాత్రం గోరు దిగింది. సిలికా ఎక్కువగా కలిపిన ఆ రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని గాళ్లు లోతైనవి. గాళ్ల మధ్య ఉండే ప్రతి రబ్బరు దిమ్మె మీదా బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలుంటాయి. ఆ చీలికల అంచులు మంచును కరచి పట్టుకుంటాయి. గాళ్లలో కూరుకున్న మంచు కూడా కింది మంచును పట్టుకోవడం నాకు కొత్తగా తోచింది, ఎందుకంటే బురదలో మనం టైరు గాళ్లు శుభ్రంగా ఉండాలనే కోరుకుంటాం.

కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దానిలో మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూడాలి. ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో: బురద, మంచు) అన్న అక్షరాలు మాత్రమే ఉంటే అవి గాళ్ల ఆకృతిని చెబుతాయి తప్ప, మంచు మీద పరీక్షించారని కాదు. కొండ గుర్తుకు కూడా ఒక హద్దుంది: అమెరికాలో ఆ పరీక్ష అణిగిన మంచు మీద లాగే పట్టును కొలుస్తుంది గాని, ఐసు మీద ఆగడాన్ని కొలవదు.

వింటర్ టైర్లు వేయించిన వారం తరువాత, ఖాళీగా ఉన్న ఒక పార్కింగ్ స్థలంలో మేమే పరీక్ష పెట్టుకున్నాం. కాజీపేట నుంచి చదువుకు వెళ్లిన ఒక కుర్రాడి దగ్గర ముందు చక్రాలకే శక్తి అందే పాత చిన్న కారుంది. దానికి అప్పటికే వింటర్ టైర్లున్నాయి. ఆల్ సీజన్ టైర్లతోనే ఉన్న మరో మిత్రుడి పెద్ద ఆల్ వీల్ కారునూ రమ్మన్నాం. మూడింటినీ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఒకే గీత దగ్గర బ్రేకు వేయించాను. బయలుదేరేటప్పుడు అన్నిటికంటే వెనుకబడిన ఆ చిన్న కారు, ఆగేటప్పుడు మా కారు పక్కనే ఆగింది. ఆల్ సీజన్ టైర్ల పెద్ద కారు మమ్మల్ని దాటి చాలా దూరం పోయింది. దాని యజమాని దిగి, తన చక్రాల జాడల వెంట వెనక్కి నడిచి వచ్చి, టైర్ల దుకాణం చిరునామా అడిగాడు.

లోపాలూ చెప్పాలి. పొడి రోడ్డు మీద రొద ఎక్కువ. స్టీరింగ్ కొంచెం మెత్తగా, ఆలస్యంగా స్పందిస్తున్నట్టు అనిపిస్తుంది. ఎండాకాలంలో వాడితే త్వరగా అరిగిపోతాయి కనుక మరో నాలుగు టైర్లు, వాటిని దాచే చోటు ఉండాలి. బిగింపుతో కలిపి వెయ్యి డాలర్లకు కొంచెం తక్కువైంది. చదువుకునే పిల్లలకు అది పెద్ద మొత్తమే. అయినా ఆల్ వీల్ కారుకు పెట్టే అదనపు ధరతో చిన్న కారుకు ఈ టైర్లు వేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. డబ్బు కలిసివస్తుందని రెండే వేయిస్తే మాత్రం చెరుపు: ముందు చక్రాలకు పట్టు ఉండి వెనుకవాటికి లేకపోతే మలుపులో కారు తోక తిప్పుకుంటుంది. గాలి విషయంలోనూ జాగ్రత్త అవసరం. దుకాణం లోపల 20 డిగ్రీల వెచ్చదనంలో 35 పీఎస్ఐ నింపిన టైరు, బయట మైనస్ 20లో సుమారు 28కి దిగుతుంది.

ఇక్కడి నుంచి సొంత కార్లలో మనాలి వెళ్లి, అటల్ సొరంగం దాటి సిస్సు దాకా పోయేవారికీ ఇదే వర్తిస్తుంది. మన ఎస్‌యూవీలకు వచ్చే టైర్లు వేడి రోడ్ల కోసం చేసినవి. ఫోర్ వీల్ మీట నొక్కినంత మాత్రాన అవి వింటర్ టైర్లు కావు. చక్రాలకు చుట్టే మంచు గొలుసులు వెంట ఉండాలి, లేదా స్థానిక డ్రైవరు బండి మాట్లాడుకోవాలి.

ఏప్రిల్‌లో ఆ నాలుగు టైర్లనూ విప్పించి, ఏది ఏ చక్రానిదో సుద్దతో రాసి, గ్యారేజీలో నీడ పట్టున పేర్చి వచ్చాను. గాడి లోతు కొలిస్తే 8 మిల్లీమీటర్లు ఉంది. 4కు దిగేదాకా మంచులో వాడవచ్చు కనుక, మరో రెండు మూడు శీతాకాలాలకు ఢోకా ఉండదు.