ఏది మేలు: ధైర్యం వచ్చాక దిగడమా, దిగాక ధైర్యం తెచ్చుకోవడమా?

కొత్తగా వ్యాపారం పెట్టేవారికి రెండు రకాల సలహాలు వినిపిస్తుంటాయి. ముందు మనసును గట్టిపరచుకో, ఆ తర్వాతే దిగు అనేది ఒకటి. ముందు దిగు, ధైర్యం అదే వస్తుంది అనేది రెండోది. నా ఓటు రెండోదానికే, అయితే ఒక షరతుతో.

మొదటి దారిలో అందరికీ తెలిసిన సాధనం, మనకు మనమే మంచి మాటలు చెప్పుకోవడం. ఖర్చు లేదు, ఎవరూ కాదనరు. కానీ 2009లో మనస్తత్వవేత్త జోయాన్ వుడ్ బృందం ప్రచురించిన పరిశోధనలో, తమపై తమకు చిన్నచూపు ఉన్నవారు అలాంటి మాటలు వల్లించాక మరింత డీలాపడ్డారు. అప్పటికే నమ్మకం ఉన్నవారికి కొద్దిగా మేలు జరిగింది. అంటే ఎవరికి అవసరమో వారికే ఆ మందు పడలేదు.

రెండో దారికి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పిన సిద్ధాంతం అండగా ఉంది. నమ్మకానికి ఆయన నాలుగు ఆధారాలు చూపారు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివారు చేస్తుంటే చూడటం, ఇతరుల ప్రోత్సాహం, ఆ సమయంలో గుండెదడ, వణుకు లాంటి మన ఒంటి తీరు. వీటిలో మొదటిదే బలమైనదన్నారు. నమ్మకం కుదురుకోకముందే వరసగా తగిలే ఓటములు దాన్ని దెబ్బతీస్తాయని హెచ్చరించిందీ ఆయనే. నా షరతు అక్కడి నుంచే వచ్చింది: పోయినా తట్టుకోగలిగినంత చిన్న పందెంతో మొదలుపెట్టాలి. ఉన్న పొదుపంతా పోసి నేర్చుకునేది ధైర్యం కాదు.

పిరికితనం ఎక్కడ బయటపడుతుందో గమనించండి. ఫోనులో ధర చెబుతాం. అవతలివారు రెండు క్షణాలు మాట్లాడరు. వారు లెక్క చూసుకుంటున్నారో, పక్కవారిని అడుగుతున్నారో మనకు తెలియదు. ఈలోగా మనమే ‘పోనీ, కొంత తగ్గిస్తాను లెండి’ అనేస్తాం. ఎవరూ బేరమాడకుండానే ఓడిపోతాం! ఈ జబ్బుకు స్ఫూర్తి ప్రసంగం పనిచేయదు. ధర చెప్పి నోరు మూసుకున్నాక ఒకరైనా ‘సరే, పంపండి’ అంటే, తర్వాతి ఫోనుకు గొంతు వణకదు. ‘వద్దు’ అన్నా, ఎందుకు వద్దన్నారో అడిగితే సరుకు గురించి ఒక సంగతి తెలుస్తుంది.

అతివిశ్వాసానికీ ఇదే విరుగుడు. 1988లో ఆర్నాల్డ్ కూపర్, సహచరులు 2,994 మంది కొత్త వ్యాపారులను అడిగితే, మూడింట ఒక వంతు తమ గెలుపు పదికి పది పాళ్లు ఖాయమన్నారు. అంత ధీమాను, సరుకు కొనేవారు తప్ప మరొకరు సరిదిద్దలేరు.

అలాగని శిక్షణ తరగతులన్నీ దండగ అనను. ఆఫ్రికా దేశమైన టోగోలో 1,500 చిన్న వ్యాపారాలపై జరిగిన ప్రయోగం 2017లో వెలువడింది. చొరవ, పట్టుదల, ముందుచూపు అలవాటు చేసే శిక్షణ పొందినవారి లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు వ్యాపార పాఠాలు విన్నవారిలో పెరుగుదల 11 శాతమే, అదీ గణాంకాల ప్రకారం కాకతాళీయం కావచ్చు. కాబట్టి తరగతిలో చేరేముందు, అక్కడ మనచేత ఏం చేయిస్తారో అడగడం మంచిది.

ఇక విజేతల కథలంటారా, కోటీశ్వరుడి జీవితం కన్నా మనకంటే రెండడుగులు ముందున్నవారి మొదటి ఏడాది కష్టాలు వినడమే ఎక్కువ పనికొస్తుంది. ఎంత ప్రయత్నించినా అమ్మకం మాట ఎత్తలేనివారూ ఉంటారు. వారు తమను తాము హింసించుకోకుండా, ఆ పని ఇష్టంగా చేసే భాగస్వామిని వెతుక్కోవచ్చు.