పాండిచ్చేరిలో పిల్లలతో మూడు రోజులు, మోసపోయిన ఒక రాత్రి

‘సముద్రం కనిపించే గది’ అని డబ్బు కట్టించుకుని మాకిచ్చిన గది కిటికీ తీస్తే, పక్కింటి నీళ్ళ ట్యాంకు కనిపించింది. సముద్రం ఏదమ్మా అని అడిగితే, మేడ మీదికెళ్తే కనిపిస్తుంది, కానీ పిల్లల్ని మేడ మీదికి రానివ్వం అన్నారు. తిరుపతి నుంచి చిన్నపిల్లలతో పాండిచ్చేరి పోవాలనుకునేవాళ్ళు అన్నిటికన్నా ముందు గది సంగతి తేల్చుకోండి. ఊరు బంగారం లాంటిది. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు.

మేం ఐదుగురం: నేను, మావారు, అత్తమ్మ, ఆరేళ్ళ పాప, రెండున్నరేళ్ళ బాబు. తెల్లారి నాలుగింటికి కారులో బయలుదేరి పుత్తూరు, తిరుత్తణి, కాంచీపురం, తిండివనం మీదుగా పదిన్నరకి చేరాం. తిరుపతి నుంచి నేరుగా రైలు ఉంది కానీ బాబు నిద్ర, పాలసీసాలు తలుచుకుని కారే మేలనుకున్నాం.

గది తీసుకున్నది వైట్ టౌన్‌లో, అంటే సముద్రం పక్కన ఫ్రెంచివాళ్ళు ఉన్న పాత పేటలో, పాతకాలం ఇంట్లో. పసుపు గోడలు, కాగితంపూల తీగ, ఫోటోల్లో ఎంత అందంగా ఉందో! రోజుకి 5,600. రెండు రాత్రులకి 11,200 ముందే కట్టేశాం. పిల్లలిద్దరికీ ఏమీ ఇవ్వక్కర్లేదని ఫోన్‌లో రెండుసార్లు చెప్పారు. తీరా సామాను దించాక, ఇద్దరికీ కలిపి రోజుకి 1,200 అదనం అన్నారు. ఎండలో పిల్లలు ఏడుస్తుంటే వాదించలేక ఆ రోజుకి కట్టాం.

గది రెండో అంతస్తులో. చెక్క మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఒక్కసారి ఎక్కి మళ్ళీ సాయంత్రం దాకా దిగనన్నారు. బాల్కనీ కమ్మీల మధ్య సందు బాబు తల దూరేంత ఉంది. అది చూశాక నాకు కాళ్ళు వణికాయి. తలుపు గడియ కూడా సరిగ్గా పడలేదు, నా చున్నీతో గట్టిగా కట్టేసి కుర్చీ అడ్డం పెట్టాను. రాత్రంతా అదే టెన్షన్. పదింటికి బాబు పాలకి వేడినీళ్ళు అడిగితే వంటగది మూసేశాం అన్నారు. ఒక్క గ్లాసుడు నీళ్ళు! మావారు బయటికి పోయి ఒక టీ కొట్టు వెతికి ఫ్లాస్కు నింపించుకొచ్చేసరికి పదకొండున్నర. ఆ టీ కొట్టాయన 20 రూపాయలు తీసుకోవడానికి కూడా మొహమాటపడ్డాడట.

పొద్దున్నే నేను కౌంటర్ దగ్గరికెళ్ళి తమిళంలోనే గట్టిగా అడిగాను. పిల్లల పేరుతో తీసుకున్న 1,200 వెనక్కిచ్చారు. వాడుకోని రెండో రాత్రి 5,600 మాత్రం ఇవ్వలేదు. మావారు ‘పోనీలే, వదిలెయ్’ అన్నారు. నేను వదల్లేకపోయాను, ఆ రోజంతా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు కూడా.

అక్కడి నుంచి కాలువ దాటి పడమటి వైపు, తమిళ వీధుల్లో ఒక మామూలు లాడ్జీకి మారాం. 1,900, అదనపు పరుపుకి 300. లిఫ్టు ఉంది, గీజరు ఉంది, బాల్కనీ లేదు. అక్కడి కుర్రాడు అడక్కముందే స్టీలు చెంబుతో వేడినీళ్ళు తెచ్చి, ‘పాపాయికి పాలు కలపాలి కదక్కా’ అన్నాడు. సముద్రానికి నడిచి పదిహేను నిమిషాలు. ఆటోలు మీటరు వేయవు, 150 అంటే 100కి వస్తాయి.

పిల్లలకి నచ్చింది బీచ్ రోడ్డు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా బండ్లు రానివ్వరు. తిరుపతిలో గుమ్మం దాటితే బాబు చేయి వదలను నేను. ఇక్కడ మొదటిసారి వదిలేశాను. గాంధీ విగ్రహం చుట్టూ పరిగెత్తీ పరిగెత్తీ అలిసిపోయాడు. పాప పోలీసుల ఎర్రటోపీలు లెక్కపెట్టింది. అది ఫ్రెంచివాళ్ళ కాలం టోపీ అని, ఈ ఊరు 1954 దాకా వాళ్ళ చేతిలోనే ఉందని, మన యానాం కూడా ఇందులోదేనని మావారు చెబుతుంటే, ‘మరి వాళ్ళు తెలుగు మాట్లాడరే?’ అని అడిగింది.

ఇసుకలో ఆడుకుందామని బకెట్టు తెచ్చుకున్న పిల్లలకి ఒడ్డంతా నల్లటి బండరాళ్ళు ఎదురయ్యాయి. ఊరికి దక్షిణాన హార్బరుకి కట్టిన గోడలు ఇసుకని ఉత్తరానికి రానివ్వక, తీరం కోసుకుపోయి, రాళ్ళు పోయాల్సి వచ్చిందట. ఈమధ్య సముద్రంలో కృత్రిమ దిబ్బ కట్టాక సెక్రటేరియట్ ఎదురుగా కొంత ఇసుక మళ్ళీ చేరింది. బకెట్టు అక్కడికే తీసుకెళ్ళండి. పిల్లల్ని నీళ్ళలోకి మాత్రం దించొద్దు, అలలు గట్టిగా లాగుతాయి.

మనక్కుళ వినాయకుడి గుడిలో దర్శనం బాగా అయింది. కానీ తొండంతో తలమీద ఆశీర్వదించే ఏనుగుందని మావారు పాపకి వారం ముందు నుంచీ చెప్పారు. ఆ లక్ష్మి 2022 నవంబరులోనే చనిపోయిందని అక్కడ పూలమ్మే ఆమె చెప్పింది. పాప గుడి మెట్ల దగ్గరే కూర్చుని ఏడ్చేసింది, మావారి మొహం కూడా చిన్నబోయింది.

అరవిందాశ్రమంలోకి మూడేళ్ళలోపు పిల్లల్ని రానివ్వరు. ముందే తెలుసుకుని వెళ్ళండి. బాబుతో నేను బయట నీడలో ఉండి, మిగతావాళ్ళని పంపాను. లోపల పూలతో నింపిన సమాధి దగ్గర అంతమంది ఉన్నా చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దమని అత్తమ్మ రెండు రోజులు చెప్పుకున్నారు.

భారతి పార్కులో తెల్లటి ఆయి మండపం ముందు కూర్చుని పాపకి కథ చెప్పాను. మన కృష్ణదేవరాయలు ఈ దారిన పోతూ ఒక భవనాన్ని గుడి అనుకుని చేతులెత్తి మొక్కాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కోపంతో కూల్చమన్నాడట. ‘నేనే కూల్చుకుంటాను’ అని ఆమె వేడుకుని, ఆ చోట జనం కోసం నీళ్ళ చెరువు తవ్వించిందట. తర్వాత ఫ్రెంచివాళ్ళు ఆ నీళ్ళే ఊరికి తెప్పించుకుని, ఆమె పేరుతో ఈ మండపం కట్టారు. వేశ్య అనే మాట దగ్గర నాట్యం చేసే ఆమె అని మార్చి చెప్పాను.

ఇక భోజనం. లాడ్జీ వెనక వీధిలో ఒక ఇంటి ముందు గదిలో మెస్. భోజనం 90, వంజరం వేపుడు ముక్క 180. సాంబారు నాలుకకి తగలగానే బాబు ఉమ్మేశాడు. వడ్డిస్తున్న పెద్దావిడ ఏమీ అనకుండా లోపలికెళ్ళి, అన్నం మెత్తగా పిసికి, నెయ్యీ పప్పునీళ్ళూ కలిపి చిన్న గిన్నెలో తెచ్చింది. ‘కారం లేదమ్మా, పెట్టు’ అంది. మూడు రోజుల్లో వాడు కడుపునిండా తిన్నది ఆ గిన్నె ఒక్కటే. బిల్లులో పిల్లల అన్నం రాయలేదు. అడిగితే, ‘పిల్లలు తిన్నదానికి డబ్బులేంటి?’ అంది. తిరిగొచ్చే రోజు కూడా అక్కడే తిన్నాం, దారికని పెరుగన్నం డబ్బాలో పెట్టిచ్చింది. కాంచీపురం దాటాక కారు చెట్టు కింద ఆపి, పిల్లలకి ఆ డబ్బానే విప్పాను.