గొర్రెల మధ్య చర్చి: రోమ్నీ మార్ష్‌లో ఫెయిర్‌ఫీల్డ్, బ్రూక్‌లాండ్

ఇంగ్లండ్‌లోని కెంట్ జిల్లాలో రోమ్నీ మార్ష్ అనే పల్లపు చిత్తడి నేలకు వెళ్ళినవాళ్ళలో చాలామంది ఫెయిర్‌ఫీల్డ్ చర్చి ఫొటో చూసే వెళ్తారు. చుట్టుపక్కల ఊరన్నది లేదు. కాలువలు, పచ్చిక, గొర్రెలు, వాటి మధ్య ఒంటరిగా ఒక చిన్న ఇటుక చర్చి. రోడ్డు మీద కారాపి, ఫొటో తీసుకుని, పది నిమిషాల్లో వెనక్కి తిరుగుతారు. అసలు చూడాల్సింది తలుపు వెనకే ఉంది.

తలుపుకు తాళం ఉంటుంది. తాళంచెవి దగ్గర్లోని ఒక ఇంటి బయట తగిలించి ఉంచడం ఇక్కడి ఆనవాయితీ. అది ఎక్కడుందో చర్చి దగ్గరి నోటీసులో చూసుకోవచ్చు. ఆ ఇల్లేదో ముందే తెలిస్తే, తాళంచెవి తీసుకున్నాకే పొలంలోకి దిగండి, ఒక నడక తప్పుతుంది. తిరిగి వెళ్ళేటప్పుడు తాళం వేసి, చెవిని తీసినచోటే పెట్టాలి. జేబులో మర్చిపోతే తర్వాత వచ్చేవాళ్ళకి దారి మూసినట్టే.

ఇటుక చూసి మోసపోకండి, అది పైతొడుగే. 13వ శతాబ్దపు కలప చట్రం చుట్టూ 18వ శతాబ్దంలో ఇటుక కట్టారు. 1912-13లో కారో అనే ఆర్కిటెక్టు దాన్ని విప్పి సరిచేశారు. లోపలికి అడుగుపెట్టగానే తల మీద దూలాలే దూలాలు, ఇంత చిన్న గదికి ఇంత కలపా అనిపించేలా. కింద తెల్లరంగు వేసిన, నల్లంచుల పెట్టె బెంచీలు. ఒక్కో కుటుంబానికి ఒక్కో గదిలాగా తలుపు ఉంటుంది, చలిగాలి కాళ్ళకు తగలదు. పుల్పిట్, అంటే ప్రసంగవేదిక, మూడంతస్తులది: కింది అంతస్తు చర్చి గుమాస్తాది, మధ్యది ప్రార్థన చదవడానికి, పైది ప్రసంగానికి. బాప్తిస్మపు తొట్టికి ఏడు ముఖాలు, ఇది అరుదు. 1170లో హత్యకు గురైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్ పేరు మీద ఉన్న చర్చి ఇది. ఒక ఆర్చిబిషప్పు ఇక్కడి కాలువలో పడి మొక్కుకుంటే ఒక రైతు బయటికి లాగాడనీ, ఆ మొక్కు తీర్చడానికే ఇది కట్టారనీ ఇక్కడివాళ్ళు చెప్తారు.

లండన్ సెయింట్ పాంక్రస్‌లో ఫాస్ట్ రైలెక్కితే యాష్‌ఫర్డ్‌కు 40 నిమిషాల లోపే. అక్కడ రై, హేస్టింగ్స్ వైపు వెళ్ళే డీజిల్ రైలుకు మారాలి. అది గంటకొకటి, కనెక్షన్ తప్పితే గంట పోయినట్టే. యాపిల్డోర్ స్టేషన్‌లో దిగండి. పేరు చూసి ఊరు పక్కనే ఉంటుందనుకోవద్దు, ఊరు అక్కడికి రెండు కిలోమీటర్ల పైనే. బయట టాక్సీ నిలబడి ఉండదు, ముందే మాట్లాడుకోవాలి. నడిచేవాళ్ళకు స్టేషన్, ఫెయిర్‌ఫీల్డ్, బ్రూక్‌లాండ్, స్నార్గేట్, మళ్ళీ స్టేషన్, మొత్తం 13, 14 కిలోమీటర్లు. నేలంతా చదును, సైకిలుకు హాయి. కష్టం ఎదురుగాలితోనే.

ఎక్కువమంది తప్పేది కాలువల దగ్గర. ఎదురుగా చర్చి కనబడుతోంది కదా అని పొలాల్లో అడ్డంగా పడితే మధ్యలో నీళ్ళు ఎదురవుతాయి, దాటే వంతెన అరకిలోమీటరు అవతల ఉంటుంది. కాలిబాట గీత ఉన్న ఆర్డినెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 125 మ్యాపు కొనుక్కోండి, వంతెన ఉన్నచోటే దాటండి. శీతాకాలంలో పొలం నీరుపట్టి ఉంటుంది, బూట్లు కాదు, మోకాలి దాకా వచ్చే రబ్బరు జోళ్ళు కావాలి. వసంతంలో గొర్రెలు ఈనే కాలం, కుక్కను తాడు విప్పి వదలకూడదు, తీసిన గేటును తప్పక వెయ్యాలి. కారులో వచ్చేవాళ్ళు రోడ్డు మలుపుల దగ్గర నిదానించాలి. లంబకోణంలో తిరుగుతాయి, పక్కనే కాలువ.

బ్రూక్‌లాండ్‌కు ఫెయిర్‌ఫీల్డ్ కంటే ఎక్కువ సమయం కేటాయించండి. ఈ ఊరి చర్చికి గంట గోపురం పైన ఉండదు, పక్కన నేల మీద నిలబడి ఉంటుంది: చెక్కపెంకులు కప్పిన మూడు ఎనిమిది మూలల టోపీలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. మెత్తని నేల అంత బరువు మోయదు కాబట్టే అలా. లోపలి స్తంభాలు బయటికి వాలి ఉండడం చూస్తే ఆ మాట నిజమని కళ్ళకే తెలుస్తుంది. కానీ మోకాళ్ళ మీద కూర్చుని చూడాల్సింది సీసంతో చేసిన బాప్తిస్మపు తొట్టి. సుమారు 800 ఏళ్ళ నాటిది. చుట్టూ 20 తోరణాలు, పై వరుసలో రాశులు, కింది వరుసలో ఆ నెల పని. ఫిబ్రవరిలో ఒకతను చలికాచుకుంటాడు, డిసెంబరులో పందిని కోస్తాడు. పన్నెండు నెలలకు ఇరవై తోరణాలు కనుక మార్చి నుంచి అక్టోబరు దాకా రెండోసారి వస్తాయి. పంచాంగం చూసే అలవాటున్నవాళ్ళు మేషం నుంచి మీనం దాకా గుర్తుపట్టేస్తారు.

స్నార్గేట్‌లో చర్చి గోడ మీద పెద్ద ఓడ బొమ్మ ఉంది, అంతవరకు చూస్తే చాలు. అక్కడినుంచి స్టేషన్‌కు వెళ్ళే బీ2080 రోడ్డు మీద కార్లు వేగంగా పోతాయి, వచ్చే కార్లకు ఎదురుగా, అంచున నడవండి.

రాత్రి ఎక్కడ ఉండాలన్నదానికి నా ఓటు రై పట్నానికే. యాపిల్డోర్ నుంచి ఒకే స్టేషన్, తిండి దొరుకుతుంది, రాళ్ళ వీధులు నడవడానికి బాగుంటాయి. లోపమల్లా ధర. శని, ఆదివారాల్లో చాలాచోట్ల రెండు రాత్రులు తీసుకుంటేనే గది ఇస్తారు. మధ్యవారం వెళ్తే ఈ ఇబ్బంది ఉండదు. పూర్తి నిశ్శబ్దం కావాలంటే యాపిల్డోర్ ఊరు, పక్కనే నెపోలియన్ దాడి భయంతో తవ్విన రాయల్ మిలిటరీ కాలువ. కాకపోతే కారు ఉండాలి.

పల్లె పబ్బుల్లో మధ్యాహ్నం రెండు, రెండున్నరకే వంట ఆపేస్తారు, కొన్ని సోమవారం అసలు తెరవవు. శాకాహారులకు ఎంపిక తక్కువ, పులిహోర డబ్బా, మంచినీళ్ళు వెంట ఉంటే నిశ్చింత. ఫెయిర్‌ఫీల్డ్‌లో టాయిలెట్ లేదు, రైలెక్కేముందే చూసుకోండి.