గ్రౌట్‌కి మిక్సర్ బండా, గమేళా పారా?

భీమవరం వైపు రైస్ మిల్లుల్లో మిషన్ బేస్ కింద గ్రౌట్ (సందులు నింపే జారుడు సిమెంటు మిశ్రమం) పోసేటప్పుడు మేస్త్రీలకు ఇదే టెన్షన్.

ఖర్చు: గమేళా, పార ఎలాగూ ఉన్నవే. డ్రమ్ము తిరుగుతూ కలిపే చక్రాల మిక్సర్ బండికి అద్దె కట్టాలి.

మనుషులు: చేత్తో అయితే కలిపేవాళ్లు వేరు, మోసేవాళ్లు వేరు. బండిని ఒక్కడే తోస్తాడు.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. గమేళాలో మోసుకొచ్చేలోపు సిమెంటు అడుక్కి దిగి పైన నీరు తేలుతుంది. గట్టిపడిందని ఎవరో చెంబుడు నీళ్లు పోస్తారు, బలం కాస్తా పోతుంది. బండిలో తిరుగుతూనే వస్తుంది కాబట్టి ఆ బాధ తక్కువ. పని కాగానే డ్రమ్ము కడక్కపోతే మాత్రం సుత్తి పట్టాల్సిందే.

దారి: వానాకాలం డెల్టా నల్లమట్టిలో చక్రం దిగబడుతుంది, పలకలు పరవాలి.

బాత్రూం టైల్స్ సందులకు గమేళా చాలు. సంచులకొద్దీ పోత, గట్టి నేల, దూరం ఉంటే బండే. తీరం పక్క ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లు దేంట్లోనూ కలపనివ్వొద్దు.