మొదటి పాచికకే తేలిపోయే చావు: ‘డెత్‌ట్రాప్ డంజన్’ దీర్ఘకాల సమీక్ష

1998 వేసవిలో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టలో నాకు ‘డెత్‌ట్రాప్ డంజన్’ దొరికింది. ఇది గేమ్‌బుక్, అంటే పాఠకుడే కథానాయకుడై, పాచికలు వేస్తూ, ప్రతి మలుపులో దారి తనే ఎంచుకుంటూ ఆడుతూ చదివే కథ. నాకంటే ముందు ఆడినవారెవరో, కథానాయకుడి అంకెలు రాసుకునే అందులోని అడ్వెంచర్ షీట్‌ను పెన్సిల్‌తో నింపి ఉంచారు: స్కిల్ (పోరాట నైపుణ్యం) 12, స్టామినా (ప్రాణబలం) 24, లక్ (అదృష్టం) 12. స్కిల్‌కు, లక్‌కు ఒక్కో పాచిక వేసి 6 కలపాలి, స్టామినాకు రెండు పాచికలు వేసి 12 కలపాలి. అంటే ఈ మూడూ గరిష్ఠంగా రావాలంటే వేసిన నాలుగు పాచికల మీదా ఆరే పడాలి. అది 1,296 సార్లలో ఒక్కసారి జరిగే ముచ్చట. నేనూ మా తమ్ముడూ ఆ అజ్ఞాత పాఠకుణ్ణి దొంగగా తేల్చేసి, ఆ అంకెలను రబ్బరుతో చెరిపేసి, నిజాయితీగా ఆట మొదలుపెట్టాం. ఆ దొంగ అన్న మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇయాన్ లివింగ్‌స్టన్ 1984లో రాసిన ఈ పుస్తకంలో అంకెలు వేసిన 400 విభాగాలున్నాయి, మనం ఎంచుకున్నదాన్ని బట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తూ చదవాలి. ఇంతకు మించి పరిచయాల జోలికి పోను. నా ఫిర్యాదు ఒక్కటే: కథలో మొదటి వాక్యం చదవకముందే, స్కిల్ కోసం వేసే ఆ ఒక్క పాచిక.

మా మూడో ఆటో నాలుగో ఆటో ఇప్పుడు గుర్తు లేదు గాని, ఆ రోజు పాచిక తమ్ముడు వేశాడు. లూడో డబ్బాలోంచి తీసిన పాచిక మంచం కింద దాకా దొర్లి, ఒకటి చూపిస్తూ ఆగింది. “అన్నయ్యా, చెయ్యి జారింది, ఇది లెక్కలోకి రాదు” అన్నాడు వాడు. పడినదే లెక్క అని నేను పెద్దమనిషి తరహాలో తీర్పు చెప్పి, స్కిల్ 7 అని రాయించాను. ఆ ఆట మూడు సాయంత్రాలు సాగింది. అప్పటికే చచ్చిన చోట్లు తెలుసు కాబట్టి, లెక్కల నోటుబుక్కులోని గళ్ల కాగితం మీద దారులు గీసుకుంటూ, తప్పించుకోగల ప్రతి పోరునూ తప్పించుకుంటూ, స్టామినాను పెంచే తిండిని పొదుపుగా వాడుకుంటూ వెళ్లాం. అంత జాగ్రత్తగా మేము ఏ పరీక్షకూ చదవలేదు. చివరికి మాంటికోర్ అనే రాక్షస జంతువు ఎదురైంది. దాని స్కిల్ 11, స్టామినా 11. మా వాడి స్టామినా అప్పటికి 18.

పోరులో ప్రతి విడతకూ రెండు పక్షాలూ రెండేసి పాచికలు వేసి తమ స్కిల్ కలుపుతాయి; మొత్తం తక్కువైనవారికి దెబ్బ తగిలి స్టామినా రెండు తగ్గుతుంది. మొదటి విడతలో తమ్ముడికి 9 పడింది, జంతువుకు 6 పడింది. వాడు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు, ఎందుకంటే 9కి 7 కలిపితే 16, 6కి 11 కలిపితే 17. పాచికల మీద మూడు ఎక్కువ పడినా దెబ్బ మాకే తగిలింది. ఆ తర్వాతి విడతలన్నీ ఒకే తీరున నడిచాయి. ఒక్కసారి మాత్రం మా కత్తి దానికి తగిలింది. సంచిలో ఇంకా తిండి ఉంది, పోరు మధ్యలో తినే వీలు లేదు. స్టామినా సున్నాకు చేరగానే తమ్ముడు ఏమీ మాట్లాడకుండా పాచికలను లూడో డబ్బాలో వేసి, మూత పెట్టి, ఆ నెలంతా ఈ పుస్తకం ముట్టుకోలేదు.

చాలా ఏళ్ల తర్వాత, ఆ ఓటమి ఇంకా మనసులో ఉండబట్టి, కూర్చుని లెక్క వేశాను. స్కిల్ 7 ఉన్నవాడు స్కిల్ 11 ఉన్న జంతువుతో తలపడితే ఒక విడతలో గెలిచే అవకాశం 1,296లో 126, అంటే వందకు పది కూడా లేదు. ఓడే అవకాశం వందకు 84. స్టామినా నిండుగా 24 ఉన్నా, లక్ వాడకుండా ఆ పోరంతా గెలవడం 150 సార్లలో ఒక్కసారి కూడా జరగదు. అదే స్టామినాతో స్కిల్ 11 ఉంటే వందకు దాదాపు 93 సార్లు గెలుస్తాం. ఆ ఇద్దరు మనుషులకు మధ్య తేడా తెలివిలో లేదు, గీసుకున్న పటంలో లేదు, ఎంచుకున్న దారిలో లేదు. మంచం కిందికి దొర్లిన పాచికలో ఉంది. పైగా స్కిల్ పోరుకే పరిమితం కాదు. ఎన్నో చోట్ల రెండు పాచికలు వేసి, మొత్తం స్కిల్‌ను మించకపోతేనే గట్టెక్కుతాం. స్కిల్ 7 ఉన్నవాడికి అక్కడ 36లో 21 అవకాశాలు. స్కిల్ 12 ఉన్నవాడు వాటిని చూసుకోకుండా దాటిపోవచ్చు. స్కిల్ మందు తాగి బాగుచేసుకుందామన్నా, అది తొలి అంకెను తిరిగి తెస్తుందే తప్ప దానిని దాటించదు.

చిన్నతనంలో మా కోపానికి ఇంకో ఆధారం కూడా ఉండేది. ఈ పుస్తకం వచ్చిన ‘ఫైటింగ్ ఫాంటసీ’ శ్రేణిలో మొదటిదైన ‘ద వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్’ (1982) నియమాల్లో, అసలైన దారి కనుక్కున్నవాడు తొలి పాచికలు ఎంత బలహీనంగా పడినా పెద్దగా ఇబ్బంది లేకుండా గట్టెక్కుతాడని భరోసా ఇచ్చారు. ఆ భరోసాను నమ్మే మేము అన్ని గళ్ల కాగితాలు ఖర్చు పెట్టాం.

పేరులోనే చావు పెట్టుకున్న పుస్తకంలో చావు అన్యాయమంటారేమిటని నా స్నేహితుడొకడు వాదిస్తాడు. ఆ వాదనలో కొంత సారం ఉంది. ఎవరూ ప్రాణాలతో బయటపడని నేలమాళిగను కట్టించిన బారన్ సుకుమ్‌విత్ న్యాయంగా ఉండాలని నేనెందుకు కోరుకుంటాను? (ఆయన పేరు బ్యాంకాక్‌లోని పెద్ద రోడ్డుది, కథ జరిగే ఫాంగ్ ఊరు, కోక్ నది థాయ్‌లాండ్ ఉత్తరాన నిజంగానే ఉన్నాయి. ఇది తెలిసిన రోజున నాకు ఎందుకో చాలా సంతోషం కలిగింది.) బారన్ మోసగాడైతే అది కథ. నియమాల పేజీ మోసం చేస్తే దానిని కథ ఖాతాలో వేయలేం.

వైకుంఠపాళిలో పై వరుసలో పెద్ద పాము మింగినప్పుడు ఎవరమూ ఆటను తిట్టుకోలేదు, మా అమ్మమ్మ అయితే పకపకా నవ్వేది. అక్కడ మనం ఎంచుకున్నది ఏమీ లేదు కనుక, పోయినదానికి బాధ్యతా లేదు. గేమ్‌బుక్ మాత్రం ప్రతి మలుపులోనూ “ఏం చేస్తావు?” అని అడుగుతుంది. అడిగి, మనతో జవాబు చెప్పించుకుని, ఆ జవాబుతో సంబంధం లేని కారణంతో చంపినప్పుడే మనసు చివుక్కుమంటుంది.

లక్ విషయంలో మాత్రం ఈ పద్ధతిని నేను మొదటి నుంచీ మెచ్చుకుంటూ వచ్చాను. రెండు పాచికల మొత్తం లక్ అంకెను మించకపోతే అదృష్టం. ఫలితం ఎలా ఉన్నా వాడిన ప్రతిసారీ ఆ అంకె ఒకటి తగ్గుతుంది. లక్ 9 దగ్గర 36లో 30 అవకాశాలతో మొదలుపెట్టినవాడు నాలుగుసార్లు వాడేసరికి 36లో 10కి దిగజారుతాడు. పోరులో గెలిచిన దెబ్బను రెండు నుంచి నాలుగుకు పెంచుకోవాలా, ఆ అదృష్టాన్ని దాచుకోవాలా అన్న తర్జనభర్జనలో నిజమైన ఆట ఉంది. ఇంటి ఖర్చుకు దాచిన డబ్బును ముట్టుకోవాలా వద్దా అన్నట్టుంటుంది. అయితే ఆ పొగడ్తను ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి. మనం దాచుకున్న లక్‌ను పుస్తకమే తన ఇష్టం వచ్చిన చోట పరీక్షించమని బలవంతాన ఖర్చు పెట్టిస్తుంది. నా ఆటల్లో నేనుగా వాడుకున్నదానికంటే అలా పోయినదే ఎక్కువ.

రత్నాల సంగతి కూడా చెప్పాలి. చివరి తలుపు దగ్గర పచ్చ, నీలం, వజ్రం మూడూ ఉండాలి. ఒకసారి రెండింటితోనే అక్కడికి చేరాను. ఒంట్లో బలం ఉంది, సంచిలో తిండి ఉంది, ఒక్క పాచిక కూడా వేయనక్కరలేకుండా కథ ముగిసింది. విచిత్రమేమిటంటే దానికి నాకు కోపం రాలేదు. కొన్ని వస్తువులు వెతికి తెచ్చుకోవాలని మొదట్లోనే పెట్టెలో దొరికే చీటీలో బారన్ చెప్పాడు, వెతకనిది నేను. అలాంటి ఓటమి తర్వాతి ఆటకు పనికొస్తుంది. మాంటికోర్ దగ్గరి చావు నాకు నేర్పినది ఏమీ లేదు, మరో పాచిక వేసుకోమనడం తప్ప.

నా ప్రతికి మాత్రమే చెందిన ఒక వింత కూడా ఉంది. ఈ శ్రేణిలోని కొన్ని ముద్రణల్లో ప్రతి పేజీ అడుగున రెండు పాచికల బొమ్మలు వేశారు. పాచికలు లేనప్పుడు పుస్తకాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి ఆ బొమ్మలను చూసుకోవచ్చు. నా ప్రతి అలాంటిదే. రైలు ప్రయాణాల్లో హాయిగా ఉండేది. అయితే ఏళ్ల తరబడి వాడి వాడి పుస్తకం నడ్డి విరిగి, ఎలా తెరిచినా నాలుగైదు చోట్లే తెరుచుకునే స్థితికి వచ్చింది. అవి నేను ఎక్కువసార్లు చచ్చిన పేజీలు. వాటిలో రెండింటి అడుగున మంచి అంకెలే ఉన్నాయి కాబట్టి ఒక దశలో నా అదృష్టం అనుమానం వచ్చేంతగా బాగుపడింది. ఆ రెండు పేజీలు ఊడిపోయాక మళ్లీ మామూలే.

ప్రస్తుతం మా ఇంట్లో నడిచే నియమం ఇది: స్కిల్‌కు రెండు పాచికలు వేసి పెద్దదానిని తీసుకుంటాం, 9 కంటే తక్కువ వస్తే 9 రాసుకుంటాం. లక్‌ను పడినట్టే ఉంచుతాం. ఇలా ఆడినా మా అమ్మాయి మొదటి ఏడు ఆటల్లోనూ చనిపోయింది గనుక పుస్తకం పస తగ్గిందని అనుకోనక్కరలేదు. పదేళ్ల లోపు పిల్లలకు నేను దీనిని ఇవ్వను. మా తమ్ముడి మొహం నాకింకా గుర్తుంది. వారానికి ఒక సాయంత్రం ఖాళీ, గళ్ల కాగితాలు, కొంచెం మొండితనం ఉన్న పెద్దవారు తప్పక ప్రయత్నించవచ్చు. నాలాగా రాత్రి పదకొండు దాటాక గాని తీరిక దొరకనివారు, ఒక్క అర్ధరాత్రి ఆటను స్కిల్ 7తో మొదలుపెట్టకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం. పాత ప్రతి కొనేటట్టయితే పేజీలు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి; అడ్వెంచర్ షీట్ మీద ఎవరైనా 12, 24, 12 అని రాసి ఉంటే చెరపకండి.