లెదర్‌ఫేస్ (2017): బాల్యం కథ అన్నారు, బాల్యాన్నే దాటేశారు

టోబీ హూపర్ 1974లో తీసిన ‘ది టెక్సస్ చైన్ సా మాసకర్’లో ఒక చిన్న ఘట్టం ఉంది. ఇంట్లోకి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు వచ్చారు, ముగ్గురినీ లెదర్‌ఫేస్, అంటే మనిషి చర్మపు ముసుగు తొడుక్కునే హంతకుడు, మట్టుబెట్టాడు. ఆ తర్వాత కిటికీ దగ్గరికి ఉరికి, బయటికి తొంగి చూసి, కూలబడి తల పట్టుకుంటాడు. ముసుగు కన్నాల్లో కళ్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి, నాలుక వంకర పళ్ల మీద ఆడుతుంటుంది. వీళ్లంతా ఎక్కణ్ణుంచి వచ్చిపడుతున్నారో తెలియక వాడే భయపడుతున్నాడు. ఆ పాత్రలో గన్నర్ హాన్సన్ ఒక్క మాటా లేకుండా చేసిన ఈ ఘట్టం చాలు, వాడు ఎలాంటి ఇంట్లో పెరిగాడో అర్థమవడానికి. వాడి బాల్యం గురించి ప్రీక్వెల్ (ముందు కథ) తీసేవాళ్లు దీన్ని మించి ఏదో చెప్పాలి.

ఫ్రెంచ్ దర్శకులు జూలియన్ మోరీ, అలెగ్జాండర్ బుస్తియో ‘లెదర్‌ఫేస్’ని బాగానే మొదలుపెట్టారు. 1955. సాయర్ల ఇంట్లో చిన్న జెడ్ (తర్వాత లెదర్‌ఫేస్ అయ్యేది వీడే) పుట్టినరోజు. బల్ల చుట్టూ కుటుంబం, కేకు, కుర్చీకి కట్టేసిన ఒక మనిషి. పిల్లాడికి కానుక రంపపు మిషను. చంపమని ఇంటిల్లిపాదీ ఉసిగొల్పుతుంటే వాడు వెనకాడతాడు. తల్లి వెర్నాగా లిలీ టేలర్ ఇక్కడ అరిచి భయపెట్టదు, గారంగా బుజ్జగిస్తుంది. ప్రేమకీ హత్యకీ ఆ ఇంట్లో తేడా లేదని ఆ ఒక్క గొంతుతో తెలిసిపోతుంది. సినిమా మొత్తంలో ఒళ్లు జలదరించేది ఇదే, రక్తం పారే సన్నివేశాలేవీ దీని దరికి రావు.

ఆ తర్వాత షెరీఫ్ హార్ట్‌మన్ కూతురి చావు, జెడ్‌ని తల్లి నుంచి వేరుచేసి సంస్కరణ గృహానికి తరలించడం. అంతే, కథ ఒక్క గెంతులో 1965కి వెళ్లిపోతుంది. పిల్లాణ్ణి హంతకుడిగా మార్చిన పదేళ్లూ ఆ గెంతులో ఎగిరిపోయాయి! అక్కడి వైద్యం, శిక్షలు, ఒంటరితనం అన్నీ నాలుగు మాటల్లో తేల్చేశారు. అసలు సినిమా అక్కడ ఉంది.

దాని బదులు వచ్చింది పజిల్. సంస్కరణ గృహంలో పిల్లల పేర్లు మార్చేస్తారు కాబట్టి, అల్లర్లలో తప్పించుకున్న కుర్రాళ్లలో జెడ్ ఎవరో మనమే ఊహించాలి. (ట్విస్ట్ తెలియకూడదనుకుంటే తర్వాతి పేరా వదిలేయండి.)

భారీ శరీరం, మాట రాని బడ్ మీదికి మన అనుమానం మళ్లిస్తారు. చివరికి జెడ్ ఎవరంటే, మర్యాదగా మాట్లాడే, నర్సుని కాపాడుతూ వచ్చిన జాక్సన్. చిక్కు ఇక్కడే వచ్చింది. గుట్టు దాచాలి కాబట్టి ముప్పావు సినిమా దాకా అతని మనసులోకి కెమెరా వెళ్లలేదు. ఆపైన మొహానికి తూటా తగలడం, తల్లి చేతికి చిక్కడం, ముసుగు తొడుక్కోవడం, అన్నీ గబగబా అయిపోతాయి. మాటకారి కుర్రాడు మూగ రాకాసిగా మారడానికి గాయం కారణమైతే, మొదట్లో చూపించిన ఆ ఇంటి పెంపకం దేనికి? నటుడు శామ్ స్ట్రైక్ తప్పేమీ లేదు, అతనికి మెట్లు ఇవ్వకుండా మేడెక్కమన్నారు.

చిత్రీకరణ బల్గేరియాలో జరిగింది, ఆ తేడా తెలుస్తుంది. 1973 వేసవిలో టెక్సస్‌లోనే తీసిన మొదటి సినిమాలో ఎండా చెమటా తెర దాటి వచ్చేవి. ఇక్కడ పొలాలు చల్లగా, పచ్చగా ఉన్నాయి.

నిడివి సుమారు గంటన్నర, ఎక్కడా సాగదు. చంపే సన్నివేశాల్లో మేకప్ పనితనం గట్టిది. కానీ కుళ్లిన ఆవు కళేబరంలో దాక్కునే ఘట్టం, ట్రైలర్ బండిలో శవంతో సాగే వికృత ఘట్టం కడుపులో తిప్పేస్తాయి. భోజనం ముందు పెట్టుకోకండి.

చూసే వరస కూడా ముఖ్యం. ముందు 1974 చిత్రం, తర్వాత ఇది, ఆపైన 2013లో వచ్చిన త్రీడీ భాగం. వెర్నా కథ ఆ భాగానికే ముడిపడి ఉంది. 2006 నాటి ప్రీక్వెల్‌ని మాత్రం వీటితో కలపకండి. అది 2003 రీమేక్‌కి ముందు కథ, అక్కడ లెదర్‌ఫేస్ అసలు పేరు థామస్ హ్యూయిట్, కబేళాలో పుట్టినవాడు. రెండూ కలిపి చూస్తే ఒకే మనిషికి ఇద్దరు తల్లులు తేలతారు.